విదేశీ చదువు, ఇంటర్న్‌షిప్ వేట
(మంగళగిరిలో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ బకాయిల గురించి మాట్లాడతాననుకుని వచ్చినవారు మన్నించాలి. అమెరికాలో మనవడో మనవరాలో చదువుతున్నవారు మనలో చాలామందే ఉన్నారు కనుక, ఈ ఇంటర్న్‌షిప్ విషయంలో నా అనుభవం చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు.

మాట కొత్తదే గాని సంగతి పాతదే. మన ఊరి చేనేత ఇళ్లల్లో పిల్లవాడు ముందు కండెలు చుడతాడు, ఆ తరువాతే గుంట మగ్గంలోకి దిగుతాడు. చదువుకుంటూనే వేసవి మూడు నెలలు ఒక సంస్థలో పని నేర్చుకోవడం కూడా అలాంటిదే. మగ్గానికి వీసా అక్కర్లేదు, అంతే తేడా.

మా అమ్మాయి కొడుకు టెక్సాస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. ప్రతి ఆదివారం ఫోనులో నా మొదటి ప్రశ్న, "ఇంటర్న్‌షిప్ వచ్చిందా?" అని. తిన్నావా అని అడిగింది వాళ్ల అమ్మమ్మే. అలా ఉండగా బెజవాడలో ఒక కన్సల్టెన్సీ మనిషి తగిలాడు. లక్షన్నర ఇస్తే అమెరికా కంపెనీ లెటరు తెప్పిస్తానన్నాడు. "అబ్బాయి ఏ రోజు నుంచి పనిలోకి వెళ్లాలండీ?" అన్నాను. "పనేముందండీ, కావలసింది కాగితమే కదా" అన్నాడు.

ముప్ఫై మూడేళ్లు లెక్కల సెక్షనులో కూర్చుని, జరగని పనికి బిల్లు వస్తే ఎర్ర సిరాతో తిప్పి పంపినవాణ్ణి. అటువంటి నేను మరునాడు బ్యాంకుకు వెళ్లి, డిపాజిట్ రద్దు చేసే ఫారం తెచ్చుకున్నాను. సిగ్గుగానే చెబుతున్నాను.

మనవడికి చెబితే ఒక్క మాటే అన్నాడు: "తాతయ్యా, ట్రై వ్యాలీ మరిచిపోయావా?" ఫోను పెట్టేశాడు. రెండు వారాలు మాట్లాడలేదు.

మరిచిపోయిన మాట నిజమే. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ఆ యూనివర్సిటీపై దాడి జరిగినప్పుడు చిక్కుకున్న వందలాది మందిలో ఎక్కువమంది మన పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తొడిగారు. దానిని నడిపినావిడకు 2014లో పదహారేళ్లకు పైగా శిక్ష పడింది. మళ్లీ 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ వ్యవహారం. దొంగలను పట్టడానికి అక్కడి అధికారులే పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ అది. 129 మంది భారతీయ విద్యార్థులు అరెస్టయ్యారు. అక్కడ పాఠం లేకుండానే, చదువులో భాగమనే పేరుతో పని అనుమతి చూపారు.

అసలు దారి ఇది. సి.పి.టి. అనే అనుమతి మామూలుగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే వస్తుంది. పని చదివే చదువుకు సంబంధించినదై ఉండాలి. కాలేజీలోని విదేశీ విద్యార్థుల ఆఫీసు ఐ-ట్వంటీ కాగితం మీద ముందుగా రాయించుకున్నాకే మొదటి రోజు పనిలోకి వెళ్లాలి. ఫుల్ టైం సి.పి.టి. పన్నెండు నెలలు వాడేస్తే, ఆ డిగ్రీ తరువాత దక్కవలసిన ఏడాది ఓ.పి.టి. పోతుంది. సైన్సు, ఇంజనీరింగు వాళ్లకు ఆ ఏడాది మీద 2016 నుంచి మరో 24 నెలల పొడిగింపు ఉంది. తొందరపడి కాగితం కొంటే ముందున్న మూడేళ్లకూ ముప్పు.

వాడికి ఎలా దొరికిందంటారా? 160 దరఖాస్తులకు నాలుగు జవాబులు వచ్చాయి, నాలుగూ "క్షమించండి" అనే. కాలేజీ ఉద్యోగ సలహా ఆఫీసులో ఒక పెద్దావిడ వాడి మూడు పేజీల రెజ్యూమేను ఒక పేజీకి కత్తిరించింది. వేసవి పనికి పెద్ద కంపెనీలు అంతకుముందు సెప్టెంబరులోనే మనుషులను చూసుకుంటాయట. మావాడు జనవరిలో మేల్కొన్నాడు. చివరకు ప్రొఫెసరు ఒక చిన్న పట్టణపు నీటి సరఫరా శాఖలో పరిచయం చేశారు. గొట్టాల లీకేజీ లెక్కలు కంప్యూటరుకెక్కించే పని, గంటకింత జీతం.

"ఇంత ఖర్చుపెట్టి చదివి నీళ్ల పంపుల దగ్గరా?" అని నేను గొణిగాను. మా ఆవిడ ఊరుకోలేదు. "భీమవరం యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్‌లో చదివేటప్పుడు ఆస్పత్రిలో రాత్రి పోర్టరుగా రోగుల పాత్రలు కడిగారు. మనవాడిది ఏసీ గదే కదా!" అంది.

ఇప్పుడు ఆదివారాలు గొట్టాల గురించి వాడే చెబుతున్నాడు. నాకు సగం అర్థం కాదు, వింటాను.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఆ ఒక పేజీ రెజ్యూమే జిరాక్సులు ఇరవై తెచ్చాను, కావలసినవారికి భోజనాల దగ్గర ఇస్తాను. కన్సల్టెన్సీ మనిషి ఇక్కడ మరెవరినైనా కలిసి ఉంటే, దయచేసి ఆ సంగతి కూడా అక్కడే నాకు చెప్పండి. సెలవు.