మేనేజర్ అయితేనే పైకొచ్చినట్టా?



మన సొసైటీ స్కాలర్‌షిప్‌తో ఇంజినీరింగు చదివిన ఓ అబ్బాయి తండ్రి మొన్న నా దగ్గరకొచ్చారు. "పన్నెండేళ్ల సర్వీసు సార్, ఇంకా మేనేజర్ కాలేదు. సంబంధాల వాళ్లు అడుగుతుంటే తలవంపుగా ఉంది. ఇప్పుడేమో స్టాఫ్ ఇంజినీర్‌నయ్యానంటున్నాడు. స్టాఫంటే కింది ఉద్యోగమే కదా?" అన్నారు.

ఆయన్ని తప్పుపట్టను. మా బడిలో స్టాఫంటే అటెండరు దాకా అందరమూ. కానీ చాలా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో స్టాఫ్ ఇంజినీరంటే సీనియర్ ఇంజినీరు కంటే పై మెట్టు. ఆపైన ప్రిన్సిపల్ ఇంజినీరు, డిస్టింగ్విష్డ్ ఇంజినీరు, చివరికి ఫెలో. కింద పదిమంది లేకుండానే ఎక్కే నిచ్చెన ఇది. పెద్ద కంపెనీల్లో జీతం కూడా ఆ స్థాయి మేనేజరుకు దీటుగానే ఉంటుంది. కొత్త ఏర్పాటేమీ కాదు, ఐబీఎం 1962లోనే ఫెలో హోదా పెట్టింది. గూగుల్‌లో జెఫ్ డీన్, సంజయ్ ఘెమావత్ సీనియర్ ఫెలోలైంది ప్రోగ్రాములు రాసే.

అలాగని మేనేజర్లు దండగ అనుకోకండి. 2002 ప్రాంతంలో గూగుల్ ఇంజినీర్లపై మేనేజర్లను తీసేసి చూసింది. ఖర్చుల బిల్లులు, సిబ్బంది తగాదాలు నేరుగా లారీ పేజ్ ముందుకొచ్చి పడ్డాయి. కొద్ది నెలలకే మేనేజర్లు తిరిగొచ్చారు. అది వేరే పని, దాని నేర్పు వేరు.

మా ఉపాధ్యాయులకు ఆ రెండో నిచ్చెన లేదు. లెక్కలు బ్రహ్మాండంగా చెప్పే స్కూల్ అసిస్టెంటు ఒకరు ప్రమోషన్ మీద హెడ్మాస్టరయ్యారు. ఇక జీతాల బిల్లులు, మధ్యాహ్న భోజనం రిజిస్టర్లే ఆయన లోకం. పదో తరగతి పిల్లలకు ఆ పాఠం పోయింది. అందుకే ఆ తండ్రితో, "మీవాడు సుద్దముక్క వదలకుండానే ప్రమోషన్ తెచ్చుకున్నాడండీ" అన్నాను.

అయితే ఈ నిచ్చెన అన్ని కంపెనీల్లో ఉండదు. కాగితం మీదున్నా రెండు మెట్లకే ఆగిపోవచ్చు. చేరేముందే మన పిల్లలు "ఇక్కడ ప్రిన్సిపల్ ఇంజినీర్లు ఎంతమంది?" అని అడగాలి. ఇంకోటి, ఇంజినీరుగా పైకెళ్లాలన్నా నోరు విప్పాలి. తన ఆలోచన నలుగురి ముందు వివరించాలి, రాసి ఒప్పించాలి, జూనియర్లకు నేర్పాలి. మన తెలుగు, ఉర్దూ మీడియం పిల్లలు వెనకబడేది అక్కడే, తెలివిలో కాదు. ఫీజులు మీరు కడుతున్నారు, ఈ లోటుకు మాత్రం అనుభవమున్న మనుషుల టైము కావాలి.

ఆ అబ్బాయి నెలకో ఆదివారం మన ఫైనలియర్ పిల్లలతో ఫోన్లో కూర్చుంటానన్నాడు. మీ ఇళ్లలో ఇంకెవరున్నారో ఈ సాయంత్రమే నాకు చెప్పి వెళ్లండి.