చిన్న జీతానికి అద్దె ఇల్లు

విశాఖ ఉక్కు కర్మాగారంలో పర్మినెంటు ఉద్యోగికి ఉక్కునగరంలో క్వార్టరు దొరికే వీలుంది. కాంట్రాక్టు కార్మికుడికీ, పోర్టు రోజుకూలీకీ మాత్రం గాజువాక, మల్కాపురం, కంచరపాలెం వీధుల్లోని టులెట్ బోర్డులే దిక్కు.

బ్యాంకు అప్పు ఇవ్వాలంటే 300 నుంచి 900 మధ్య ఉండే సిబిల్ స్కోరు చూస్తుంది. చిన్న పోర్షన్లు అద్దెకిచ్చేవారు సాధారణంగా దాని జోలికి పోరు. పని ఎక్కడ, ఇంట్లో ఎంతమంది, తెలిసినవాళ్లెవరు అన్నదే వారి ఆరా. కులం అడిగేవారూ లేకపోలేదు, అది వేరే రోత. బ్యాంకులో బాకీపడ్డ మనిషికైనా మేస్త్రీ మాటో, పాత ఇంటి యజమాని ఫోనో అక్కరకొస్తుంది.

అసలు చిక్కు అడ్వాన్సు దగ్గర. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసాలకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ కూడదంటుంది. కానీ అది నమూనాయే, రాష్ట్రం చట్టంగా తెస్తేనే అమలు. అద్దెకు దిగేవారి చేతిలో ఉన్నది బేరమే: అడ్వాన్సు రెండు విడతల్లో ఇస్తామనడం, తోటి పనివాళ్లతో కలిసి పోర్షను తీసుకోవడం. ఊరి చివర అద్దె తక్కువే, అయితే బస్సు ఖర్చు కలిపి చూడాలి.

ఒప్పందం కాగితం మీద ఉండాలి. అద్దె, కరెంటు మీటరు, ఖాళీ చేయడానికి గడువు, సున్నాలకు అడ్వాన్సులో ఎంత కోస్తారు అన్నవన్నీ అందులో రాయించుకోవాలి. నగదుగా అద్దె కడితే రసీదు, ఫోన్‌లో పంపితే ఆ వివరాలు దాచుకోవాలి.