నవ్వకుండా నవ్వించిన ముగ్గురు: ఎయిర్‌ప్లేన్ టీమ్ కథ

సుడిగాడు చూశారుగా? 2012లో అల్లరి నరేష్ మన హీరోలందరి బిల్డప్‌నీ వరసపెట్టి వాయించేసిన సినిమా. ఇలాంటి పేరడీలకు తాత లాంటి సినిమా ఒకటి హాలీవుడ్‌లో ఉంది. 1980లో వచ్చిన ఎయిర్‌ప్లేన్. ఈరోజు దాన్ని తీసిన ముగ్గురి గురించి మాట్లాడుకుందాం: జిమ్ అబ్రహామ్స్, డేవిడ్ జుకర్, జెర్రీ జుకర్. జుకర్‌లిద్దరూ అన్నదమ్ములు. ముగ్గురిదీ అమెరికాలోని మిల్వాకీ ప్రాంతమే.

వీళ్లు మొదట స్టేజీ మీద కామెడీ షోలు చేసేవాళ్లు. టీవీ యాడ్స్‌ని వెక్కిరించడానికి అర్ధరాత్రి ప్రోగ్రాములు రికార్డ్ చేసి పెట్టుకునేవాళ్లు. అలా ఓ రోజు యాడ్స్‌తో పాటు 1957 నాటి జీరో అవర్ అనే సినిమా దొరికింది. విమానంలో చేప తిన్న పైలట్లు పడిపోతారు, పాత యుద్ధ పైలట్ ఒకడు విమానం దించాలి. పక్కా సీరియస్ సినిమా. వీళ్లకి మాత్రం నవ్వాగలేదు. దాని హక్కులు కొని, కథ అలాగే ఉంచి, మధ్యలో జోకులు నింపారు. హీరో పేరు కూడా అదే, టెడ్ స్ట్రైకర్!

అసలు తెలివి కాస్టింగ్‌లో ఉంది. కమెడియన్లు వద్దనుకుని, అప్పటిదాకా సీరియస్ పాత్రలు చేసిన లెస్లీ నీల్సన్, రాబర్ట్ స్టాక్ లాంటి వాళ్లని తీసుకున్నారు. జోక్ చెబుతున్నట్టు అస్సలు కనిపించకూడదు, అదే కండిషన్. ఒక సీన్‌లో జబ్బుపడ్డ పాప కోసం ఎయిర్‌హోస్టెస్ గిటార్ పట్టుకుని పాడుతుంది. ఆ గిటార్ తగిలి పాప సెలైన్ ట్యూబ్ ఊడిపోతుంది. పాప గిలగిలా కొట్టుకుంటుంటే ఈవిడ మాత్రం హాయిగా పాడుతూనే ఉంటుంది. నవ్వుతాం, నవ్వినందుకు కాస్త సిగ్గుపడతాం కూడా.

సుమారు 35 లక్షల డాలర్లతో తీస్తే అమెరికాలోనే 8 కోట్ల డాలర్లు దాటేసింది.

తర్వాత 1982లో పోలీస్ స్క్వాడ్ అనే టీవీ సిరీస్ తీస్తే 6 ఎపిసోడ్లకే ఆపేశారు. జోకులన్నీ వెనకాల, మూలల్లో జరుగుతుంటాయి. కూర తరుగుతూనో, మనలా ఫోన్ నొక్కుతూనో చూస్తే ఏం అర్థం కాదు. 1984లో టాప్ సీక్రెట్ కూడా పెద్దగా ఆడలేదు. నా లెక్కలో అందులో జోకులు ఎయిర్‌ప్లేన్‌కి ఏమాత్రం తగ్గవు. కానీ కింద పట్టుకోవడానికి జీరో అవర్ లాంటి గట్టి కథ లేదు. మన స్పూఫ్‌లు చాలావాటికి ఇదే జబ్బు, ట్రోల్ వీడియోలు అతికించినట్టుంటాయి.

1988లో ఆ ఆగిపోయిన సిరీస్‌నే ది నేకెడ్ గన్ సినిమాగా తెచ్చి మళ్లీ హిట్ కొట్టారు. తర్వాత ఎవరి దారి వాళ్లది. జెర్రీ ఏకంగా ఘోస్ట్ లాంటి ప్రేమకథ తీశాడు, అందులో వూపీ గోల్డ్‌బర్గ్‌కి ఆస్కార్ వచ్చింది. డేవిడ్ స్కేరీ మూవీ 3, 4 చేశాడు. జిమ్ టాప్ గన్‌ని ఏడిపిస్తూ హాట్ షాట్స్ తీశాడు.

ఆ జిమ్ ఇంట్లోనే 1993లో పసిబాబుకి ఫిట్స్ మొదలయ్యాయి. మందులు పనిచేయలేదు. తండ్రే లైబ్రరీల్లో కూర్చుని చదివి, కీటోజెనిక్ డైట్ గురించి తెలుసుకుని, దాన్ని చేయించే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఫిట్స్ ఆగిపోయాయి. (ఇది డాక్టర్ల పర్యవేక్షణలో చేసే వైద్యం. యూట్యూబ్ చూసి ఇంట్లో ట్రై చేసేది కాదు, నా వీడియో చూసి అసలే కాదు.) ఈ డైట్ గురించి ముందే తమకెవరూ చెప్పలేదన్న బాధతో ఒక ఫౌండేషన్ పెట్టాడు. 1997లో మెరిల్ స్ట్రీప్‌తో ఫస్ట్ డు నో హార్మ్ అనే టీవీ సినిమా తీశాడు. ఫిట్స్‌తో బాధపడే కొడుకు కోసం డాక్టర్లతో పోరాడే తల్లి కథ. ఆ సెలైన్ ట్యూబ్ సీన్ రాసిన ముగ్గురిలో ఒకడు తీసిన సినిమా ఇది.

జిమ్ 2024 నవంబర్‌లో చనిపోయాడు. ఎయిర్‌ప్లేన్ చూడనివాళ్లు ఈ వీకెండ్ చూడండి, ఫోన్ పక్కన పెట్టి. ఏ జోక్‌కి ముందు నవ్వారో కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి!