చెకుముకిలో నిప్పు రాయిది కాదు



బడి పుస్తకంలో ఆ బొమ్మ మీరూ చూసే ఉంటారు. ఆదిమానవుడు రెండు రాళ్లు కొట్టి నిప్పు చేస్తుంటాడు. క్లాసులో ఎవడో ఒకడు మన వైపు తిరిగి నవ్వుతాడు. సర్కారు కాగితాల్లో కూడా మనలో కొన్ని తెగలను 2006 దాకా ‘ప్రిమిటివ్’ అనే రాశారు మరి. ఆ నవ్వినోడికి రెండు పలుగురాళ్లు ఇచ్చి నిప్పు చెయ్యమనండి. చీకట్లో కాస్త మిణుకుమంటాయి, మాడిన వాసన వస్తుంది. దూది మాత్రం అంటుకోదు.

మన తాతల చెకుముకి తిత్తిలో రాయితో పాటు ఉక్కు ముక్క ఉండేది. నిప్పు ఆ ఉక్కుదే. రాయి అంచు ఉక్కును సన్నగా చెక్కుతుంది, ఆ పొట్టు రాపిడికి వేడెక్కి గాలిలో మండుతుంది. రవ్వంటే అదే. కాబట్టి రాయిలో చూడాల్సింది గట్టిదనం, అంచు.

గాజు పెంకు మీద గీస్తే గీత పడాలి. పగలగొడితే సీసా పెంకులా పదునుగా విరగాలి. ఇసుకరాయి పొడైపోతుంది. నల్లరాయి గట్టిదే గానీ పదునైన అంచు రాదు. మన్యం కొండల్లో దొరికే పలుగురాయి పనికొస్తుంది, కాకపోతే అంచు తొందరగా చిట్లుతుంది. గోదావరి గులకల్లో మైనంలా నున్నగా, ఎండకు పెడితే అంచు దగ్గర వెలుతురు పారే రాళ్లుంటాయి చూడండి, అవి ఇంకా మేలు. గుండ్రటి రాయిని అట్లాగే వాడొద్దు, పగలగొట్టి అంచు తీయాలి. కళ్లు జాగ్రత్త, పెచ్చులు ఎగురుతాయి.

మామూలు మేకు మెత్తన, సరైన రవ్వ రాదు. పాత ఆకురాయి ముక్క బాగుంటుంది. పేరుకే రాయి, అది గట్టి ఉక్కు. లైటర్‌లో ‘రాయి’ కూడా అంతే! 1903లో ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ వాన్ వెల్స్‌బాక్ ఇనుము, సీరియం కలిపి చేసిన లోహం అది.

దూదికి జీలుగు మట్ట మొదట్లో ఉండే నూగు తీసుకోండి. బాగా ఎండబెట్టి మూత ఉన్న వెదురు గొట్టంలో దాచితే చెమ్మ తగలదు. నూగును రాయి అంచు పక్కనే బొటనవేలితో అదిమి పట్టి, ఉక్కుతో పైనుంచి కిందికి రాసినట్టు కొట్టాలి, బాదకూడదు. రవ్వ పడగానే మంట రాదు, ఎర్రగా రగులుతుంది. ఎండుగడ్డి ఉండలో పెట్టి మెల్లగా ఊదండి.

ఎండాకాలం అడవిలో వద్దు, ఇంటి వాకిట్లోనే నేర్చుకోండి. వచ్చే మీటింగుకి మీ తాతనో అవ్వనో అడిగి, చెకుముకిని మీ భాషలో ఏమంటారో రాసుకుని రండి. తిత్తి ఇంకా ఇంట్లో ఉంటే అదీ పట్టుకురండి.