పాత ఫ్లాపీల పునరుద్ధరణ

ఆలంపురమునకు నవబ్రహ్మాలయములను చూడ వచ్చువారు ఆ యూరి చెంతనే యున్న సంగమేశ్వరాలయమును గూడ చూచి పోవుదురు. అది మొదట అచ్చట కట్టిన గుడి కాదు. కృష్ణా తుంగభద్రలు కలియుచోట, కూడవెల్లిలో వెలసిన గుడి. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలము ప్రాజెక్టు జలాశయమున అది మునుగనున్నదని తెలిసినపుడు పురావస్తు నిపుణులు రాయి రాయికి అంకె వేసి, విప్పి, బండ్లకెత్తి తెచ్చి, ఆ యంకెల వరుసనే ఆలంపురమున తిరిగి నిలిపిరి. తేవలసిన గుడి నీట మునుగక మునుపే తేవలెను; రాళ్ల వరుస తప్పరాదు. ఈనాడు మేము చెప్పబోవు పనికి గూడ ఈ రెండే సూత్రములు. అయితే మేము చెప్పునది గుడిని గూర్చి కాదు, ఫ్లాపీ డిస్కును గూర్చి.

కొంతకాలము క్రిందట ఆలంపురమునుండి మాకు పిలుపు వచ్చినది. కీర్తిశేషులైన యొక ఉపాధ్యాయుని యింట అటుకమీదినుండి ఒక రేకుపెట్టెను దింపిరి. అందులో ఇరువదిరెండు ఫ్లాపీలున్నవి. ఆ పెద్దలు ఉద్యోగములో నున్న కాలమున, జలాశయమున ఊళ్లు కోల్పోయి వచ్చినవారి యిండ్లకు సెలవు దినములలో పోయి, వారి పాటలు, పండుగలు, బావుల పేర్లు, పొలముల పేర్లు వ్రాసికొనిరి. వ్రాసిన పుస్తకములు 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలును, ఆలంపురమును ముంచినపుడు నీటిపాలైనవి. రేకుపెట్టెలోనికి గూడ బురద నీరు వచ్చినది. ఆరబెట్టి అటుకమీద పెట్టిరి; అంతటితో దానిని మరచిరి. ఆ యింటి కోడలు పెట్టెను మా ముందుంచి, “ఇవి ఇంకా పనికొస్తయా సార్, పారేయాల్నా?” అని యడిగినది. పుస్తకములు లేవు గనుక ఆ పల్లెల మాట మిగిలియున్నచో ఆ పెట్టెలోనే మిగిలియుండవలెను.

అందు రెండు విధముల ఫ్లాపీలు కలవు. అయిదుంబావు అంగుళముల మెత్తనివి కొన్ని, మూడున్నర అంగుళముల గట్టివి కొన్ని. మెత్తనివి బి.బి.సి. మైక్రో అను కంప్యూటరుపై వ్రాసినవి. ఇంగ్లండు రేడియో సంస్థయైన బి.బి.సి. వారు ప్రజలకు కంప్యూటరు నేర్పు ప్రసారములను తలపెట్టి, వానికి తోడుగా ఏకార్న్ సంస్థ చేత చేయించి 1981లో వెలువరించిన యంత్రమది. దాని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు మాత్రమే. మన కేంద్ర ప్రభుత్వము 1984–85లో ‘క్లాస్’ అను పథకమును ప్రారంభించి యిట్టి యంత్రములను ఉన్నత పాఠశాలలకు పంచినది. మొత్తము 12,000 యంత్రములు వచ్చినవి. మా ఉపాధ్యాయుడు బడిలో అట్టి యంత్రముపై, తెలుగు లిపి లేనందున, పాటలను ఇంగ్లీషు అక్షరములతోనే కొట్టియుంచెను. తరువాతి కాలమున పి.సి. వచ్చినది, తెలుగు ఫాంట్లు వచ్చినవి. గట్టి ఫ్లాపీలు ఆనాటివి.

ఫ్లాపీ అన నేమి? పాలిస్టరు రేకుతో చేసిన పలుచని బిళ్ల. దానికి రెండు ప్రక్కల అయస్కాంత గుణముగల ఇనుప ఆక్సైడు పూత. ఆ పూతను రేకునకు పట్టియుంచునది ఒక విధమగు బంధక ద్రవ్యము. బిళ్లపై కంటికి కానరాని వలయములుండును, వానిని ట్రాకులందురు. ప్రతి ట్రాకును గదులుగా విభజింతురు. బి.బి.సి. యంత్రపు ఫ్లాపీలో ఒక ప్రక్క 40 ట్రాకులు, ట్రాకునకు 10 గదులు, గదికి 256 అక్షరములు, వెరసి 1,02,400. బిళ్ల నిమిషమునకు 300 సార్లు తిరుగుచుండగా డ్రైవులోని చదువు తల పూతను తాకుచు, వలయమునుండి వలయమునకు జరుగుచు, అయస్కాంతపు మార్పులను చదువును. తల పూతను తాకుచుండుననుట శ్రోతలు మరువరాదు. మా పొరపాటు అచ్చటనే జరిగినది.

పెట్టె చేతికి వచ్చిన ఉత్సాహమున మేము పైనున్న ఫ్లాపీని తీసి, దుమ్ము తుడిచి, డ్రైవులో పెట్టితిమి. రెండు క్షణములలో కీచుమని ధ్వని వినవచ్చినది. వెంటనే తీసితిమి గాని అప్పటికే ఆలస్యమైనది. బిళ్లను వెలుతురునకెత్తి చూడగా గాజువలె వెలుగును చొరనిచ్చు సన్నని వలయములు కానవచ్చినవి. బురదలో పెరిగిన బూజు చదువు తలకు, పూతకు నడుమ ఆకురాయివలె పనిచేసి పూతను గీకివేసినది. గీకబడిన పూతతో పాటు అక్షరములును పోయినవి. వానిని తెచ్చు విద్య లేదు. ఆ ఫ్లాపీ చీటీపై ‘బతుకమ్మ – 2’ అని వ్రాసియున్నది.

తరువాత మేము తొందరపడలేదు. అనుసరించిన పద్ధతిని వరుసగా చెప్పెదము.

మొదట ప్రతి ఫ్లాపీ చీటీని ఫోటో తీసి, ప్రతిదానికి ఒక అంకె వేసితిమి. పిమ్మట వ్రాతకు అడ్డు కట్టితిమి. మెత్తని ఫ్లాపీకి అంచునున్న గంటుపై కాగితపు పట్టీ అంటించవలెను. గట్టిదానికి మూలనున్న చిన్న తలుపును జరిపి రంధ్రమును తెరచియుంచవలెను. అపుడు యంత్రము పొరపాటున గూడ దానిపై వ్రాయజాలదు.

తరువాత శుభ్రపరచుట. మెత్తని ఫ్లాపీ తొడుగును ఒక యంచున బ్లేడుతో కోసి, బిళ్లను నడిమి రంధ్రపు అంచున పట్టి బయటికి తీసితిమి. తేలికపాటి సబ్బు రెండు చుక్కలు కలిపిన డిస్టిల్డు వాటరులో కడిగి, మరల వట్టి డిస్టిల్డు వాటరులో జాడించి, నీడలో ఆరబెట్టితిమి. మిగిలిన మరకలను నూలుపోగులు రాలని మెత్తని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపి మెల్లగా తుడిచితిమి. ముందుగా అక్షరములు లేని లోపలి యంచున పరీక్షింపవలెను. గుడ్డకు గోధుమరంగు అంటినచో బంధకము సడలినదని యర్థము; అంతట ఆపవలెను. ఆరిన బిళ్లను బురద పట్టిన పాత తొడుగులో మరల పెట్టరాదు. మంచి తొడుగునకై పనికిరాని ఖాళీ ఫ్లాపీని త్యాగము చేయవలెను. గట్టి ఫ్లాపీలకును పద్ధతి యిదే. కాని వాని పెంకును విప్పునపుడు లోహపు మూత, దాని సన్నని స్ప్రింగు ఎగిరి పోకుండ చూచుకొనవలెను. ఒక్కొక్క ఫ్లాపీ చదివిన పిదప డ్రైవు తలను గూడ తుడువవలెను.

బి.బి.సి. యంత్రము దొరకినవారు దానిని వెంటనే కరెంటుకు తగిలింపరాదు. దాని పవర్ సప్లయిలోని పాత కెపాసిటర్లు పగిలి పొగ చిమ్ముట పరిపాటి. ముందుగా వానిని మార్పింపవలెను. మేము ఆ యంత్రమును వాడలేదు. పనిచేయుచున్న అయిదుంబావు అంగుళముల డ్రైవునొకదానిని సంపాదించి, గ్రీస్‌వీజిల్ అను చిన్న పరికరము ద్వారా నేటి కంప్యూటరుకు కలిపితిమి. ఈ పరికరము అక్షరములను చదువదు. ట్రాకుపై ఒక అయస్కాంతపు మార్పునకు, మరొక మార్పునకు నడుమ పట్టిన కాలమును మాత్రము కొలిచి వ్రాసికొనును. శాసనము దొరకినపుడు పండితులు రాతిపై తడి కాగితము పరచి, సిరా అద్ది, ముందుగా అచ్చు తీసికొందురు, చదువుట తరువాత. ఇదియు నట్లే. ప్రతి ట్రాకునకు పలుమార్లు అచ్చు తీసితిమి. ఒకసారి తప్పిన గది మరొకసారి సరిగా వచ్చెడిది. అన్నిటిని కూర్చి ఒక పూర్తి ప్రతిని నిలిపితిమి. అటుపిమ్మట ఫ్లాపీతో పనిలేదు. ఆ ప్రతిని ఎన్నిసార్లు చదివినను అరుగుట లేదు.

బి.బి.సి. ఫ్లాపీలలోని పాటలు ఇంగ్లీషు లిపిలో నున్నందున తేలికగా చదువ వచ్చినవి. చిక్కు తరువాతి వానితో వచ్చినది. తెలుగునకు 1988 నుండి ఇస్కీ అను సంకేతక్రమము, 1991 నుండి యూనికోడు అను ప్రపంచ క్రమము ఉన్నను, ఆనాటి డి.టి.పి. ఫాంట్లు వానిని అనుసరింపక, ఒక్కొక్క ఫాంటు తన సొంత క్రమమున గుణింతములను, వత్తులను విడివిడి ముక్కలుగా దాచెడివి. ఆ ఫాంటు లేనిచో తెరపై పిచ్చి గుర్తులే కనబడును. అదృష్టవశమున ఆ ఫైళ్లనుండి అచ్చైన కాగితములు మూడు ఆ యింటి బీరువాలో దొరకినవి. అచ్చు కాగితమును, తెరపై గుర్తులను ప్రక్కప్రక్కన పెట్టి, ఏ గుర్తు ఏ అక్షరమో పట్టిక వ్రాసితిమి. ఆలంపుర శాసనములకై పాటుపడిన గడియారం రామకృష్ణ శర్మగారి (1919–2006) వంటి పండితులు తెలిసిన అక్షరముతో తెలియని అక్షరమును పట్టిన తీరు ఇట్టిదే. పట్టిక పూర్తి యగుటకు పదునొకండు రాత్రులు పట్టినది.

ఫలితమును దాచక చెప్పెదము. ఇరువదిరెండింటిలో పదునేడు పూర్తిగా వచ్చినవి. మూడింటిలో అక్కడక్కడ గదులు పోయినవి. ఒకటి బంధకము సడలి యున్నందున ముట్టుకొనలేదు. మరొకటి మేము పాడుచేసినది. వచ్చినవానిలో ఒక మునిగిన పల్లెయొక్క బావుల పట్టిక యున్నది: మర్రిబావి, ఉప్పుబావి, సాకలి బావి, గుడెనుక బావి, ఏ బావి నీరు పప్పు ఉడుకుటకు మంచిదో, ఏది ఎండలకు మొదట ఎండునో గూడ వ్రాసియున్నది. కోడలు దానిని చదివించుకొని, “మా అమ్మమ్మది ఈ ఊరే” అనినది. బతుకమ్మ పాట సంగతి అడుగగా మేము జరిగినది చెప్పితిమి. ఆమె తనకు గుర్తున్నంతవరకు పాడినది; నాలుగు చరణములు. వానిని వ్రాసి, ‘బతుకమ్మ – 2’ అను పేరుననే ఆ వరుసలో చేర్చితిమి.

మీ యిండ్లలోను ఇట్టి పెట్టెలు ఉండవచ్చును. సోనీ సంస్థ 2011లో ఫ్లాపీల అమ్మకమును ఆపివేసినది. డ్రైవులు నానాటికి అరుదగుచున్నవి. కావున వెదకుట ఇపుడే మేలు. దొరకినదానిని డ్రైవులో దూర్పకుడు. “ఫార్మాటు చేయవలెనా?” అని కంప్యూటరు అడిగినచో ఒప్పుకొనకుడు. రేడియో లౌడుస్పీకరు ప్రక్కన ఉంచకుడు. అందు బలమైన అయస్కాంతము కలదు. తేమ లేనిచోట, ఎండ తగులకుండ, నిలువుగా పేర్చి యుంచుడు. తెలిసినవారి చేత ప్రతి తీయించి, ఆ ప్రతిని రెండు వేరు ఇండ్లలో దాచుడు. కొన్ని యేండ్లకొకసారి దానిని గూడ కొత్త పరికరమునకు మార్చుడు.

ఆలంపురపు ప్రతులు మూడు చేసితిమి. ఒకటి ఆ యింట, ఒకటి ఆ పెద్దలు పనిచేసిన బడిలో, ఒకటి మా వద్ద ఉన్నవి. ముట్టుకొనని ఫ్లాపీ ఇంకను రేకుపెట్టెలోనే యున్నది. దానిని ఉద్ధరింపగల నేర్పరి దొరకువరకు పెట్టెను అటుకమీద గాక బీరువాలో ఉంచుటకు కోడలు ఒప్పుకొనినది.