ఈ వారమంతా ఎండే: ఇంట్లో పత్తి వేసినవాళ్లు వినండి

అక్టోబర్ మొదలైంది. ఈ వారం ఉమ్మడి ఆదిలాబాద్, వరంగల్ వైపు వాన సూచన లేదు. నైరుతి రుతుపవనాలు వెనక్కి మళ్లుతున్నాయి, వాయవ్యం నుంచి పొడిగాలి వస్తోంది. మబ్బుల్లేవు కాబట్టి పగలు ఎండ మండుతుంది. రాత్రి నేల తొందరగా చల్లారి, పొద్దున మంచు పడుతుంది.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. మంచు ఆరాకే పత్తి ఏరమనండి, పరదా మీద ఎండబెట్టమనండి. తేమ 8 శాతం లోపుంటేనే సీసీఐ దగ్గర పూర్తి మద్దతు ధర. ఆపైన ధరలో కోత పడుతుంది. 12 దాటితే కొనరు.

ఈ ఎండను నమ్ముకుని కూర్చోవద్దు. ఈ నెలలో బంగాళాఖాతంలో అల్పపీడనం ఎప్పుడైనా పుట్టొచ్చు. రోజూ వాతావరణ శాఖ బులెటిన్ ఫోన్‌లో చూసి, ఇంట్లో చెప్పండి. ఉంటా మరి!