దారిలో ఆగిపోయినవారు

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడి పంతుళ్లం కాబట్టి ఈ వేదిక మీద ఎప్పుడూ చదువు గురించే మాట్లాడుతాము. ఈసారి రోడ్డు మీద మేము నేర్చుకున్న పాఠం చెబుతాము.

గత ఎండాకాలం అమ్మీకి హైదరాబాదులో ఆపరేషన్ అయింది. డిశ్చార్జి అయ్యాక మధ్యాహ్నం కారులో హనుమకొండకు బయలుదేరాము. పెంబర్తి దాటాక ఇంజన్ వేడి చూపే ముల్లు ఒక్కసారిగా పైకెక్కింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. కారు పక్కకు తీసి ఆపాము. తెలిసిన మెకానిక్‌కు ఫోన్ చేస్తే, వరంగల్ నుంచి రావడానికి రెండు గంటలు పడుతుందన్నాడు. వెనుక సీట్లో అమ్మీ కుట్ల నొప్పితో మూలుగుతోంది. జేబులో డబ్బుంది, చేతిలో ఫోనుంది, కానీ అమ్మీకి కాస్త నీడ చూపలేకపోయాము.

కంగారులో రేడియేటర్ మూత తీయబోయాము. "మూత ముట్టకుండ్రి సార్! మసిలే నీళ్లు మొఖం మీద ఎగజిమ్ముతయ్" అని వెనుక నుంచి కేక వినిపించింది. ఎనుమాముల మార్కెట్‌కు ఖాళీగా వెళ్తున్న లారీ ఆపి, డ్రైవర్ దిగి వస్తున్నాడు. ఇంతలో పక్కనే చాయ్ కొట్టు నడిపే ఆమె వచ్చింది. "అవ్వను ఎండల కూసోబెట్టిన్రేంది?" అని మమ్మల్నే కోప్పడి, అమ్మీని మెల్లగా నడిపించుకుపోయి కొట్టులోని మంచం మీద పడుకోబెట్టింది.

ఇంజన్ చల్లారడానికి ముప్పావు గంట పట్టింది. నీళ్ల రబ్బరు పైపు క్లిప్పు దగ్గర చీలింది. డ్రైవర్ చీలిన కొస కోసేసి, పైపును మళ్లీ ఎక్కించి క్లిప్పు బిగించాడు. చాయ్ కొట్టు బిందెలోని నీళ్లు పోశాము. డబ్బు ఇవ్వబోతే ఇద్దరూ తీసుకోలేదు. "ఇల్లు చేరినంక ఒక మిస్డ్ కాల్ ఇయ్యుండ్రి సార్, అవ్వ మంచిగ చేరిందని తెలుస్తది" అన్నాడు డ్రైవర్. ఆ రాత్రి మిస్డ్ కాల్ ఇస్తే, వెంటనే తిరిగి చేసి "అవ్వ బువ్వ తిన్నదా?" అని అడిగాడు.

మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అంతకు ముందు ఏడాది ఇదే దారిలో, చీకట్లో, పడిపోయిన బైకు పక్కన ఇద్దరు కుర్రవాళ్లు చేయి ఊపారు. "పోలీసు కేసు మనకెందుకు" అనుకుని మేము అద్దాలెత్తుకుని వెళ్లిపోయాము. వాళ్లు ఏమయ్యారో ఈనాటికీ తెలియదు. మా విద్యార్థుల వయసువాళ్లే.

ఆ భయానికి ఆధారం లేదని తరువాత చదివి తెలుసుకున్నాము. ప్రమాద బాధితులకు సాయం చేసేవారి రక్షణకు 2016లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. మంచి మనసుతో, ఏమీ ఆశించకుండా సాయం చేసినవారిపై, ఆ సాయంలో పొరపాటు జరిగినా, కేసు పెట్టరాదు. పేరు, చిరునామా చెప్పమని బలవంతపెట్టరాదు. సాక్షిగా ఉండాలా వద్దా అన్నది మన ఇష్టం. రాత్రివేళ ఆగడానికి భయమైతే 108కి ఫోన్ చేయవచ్చు. జాతీయ రహదారి మీద 1033 కూడా ఉంది. ఆ రాత్రి మేము ఆ పాటి పని కూడా చేయలేదు.

తౌబా సూరా 60వ ఆయతులో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలున్నాయి. చివరి వర్గం బాటసారులు. ఇంట్లో ఎంత ఉన్నా దారిలో నిలిచిపోయినవాడు ఆ గంటకు అవసరంలో ఉన్నవాడే అని మాకు పెంబర్తి దగ్గర అర్థమైంది. మన సొసైటీ వితంతువులను, అనాథలను, ఫీజు కట్టలేని పిల్లలను గుర్తుపెట్టుకుంటోంది. బాటసారిని మాత్రం మనం మరిచిపోయాము. అతని పేరు ఏ జాబితాలోనూ ఉండదు. అతను దరఖాస్తు పెట్టుకోడు. చేయి ఊపుతాడు, అంతే.

ఇప్పుడు మా కారులో అయిదు లీటర్ల నీళ్లు, టార్చి, హెచ్చరిక త్రికోణం, రెండు క్లిప్పులు ఉంటున్నాయి. అవి మా కోసమే కాదు. మీరు కూడా పెట్టుకోండి. దారిలో చేయి ఊపేవారు అమ్మీలాంటివారో, ఆ కుర్రవాళ్లలాంటివారో కావచ్చు. వారి దగ్గర ఆగే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.